కార్చిచ్చు ఆర్పిన ఖైదీకి బయట ఉద్యోగం వస్తుందా? కాలిఫోర్నియా ఫైర్ క్యాంపులపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఖైదీలు మంటలు ఆర్పడమేమిటి? నిజంగా జరుగుతుందా?

జరుగుతుంది, అదీ చాలా ఏళ్లుగా. 2025 జనవరి 7న లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల పాలిసేడ్స్, ఈటన్ మంటలు మొదలైనప్పుడు టీవీలో చూసినవాళ్లు గమనించే ఉంటారు. పసుపు రంగు దుస్తుల్లో ఉన్న ఫైర్‌ఫైటర్ల పక్కనే నారింజ రంగు దుస్తుల్లో ఇంకొంతమంది వరుసగా కొండెక్కుతూ కనిపించారు. ఆ నారింజ రంగువాళ్లు రాష్ట్ర జైళ్లలో శిక్ష అనుభవిస్తున్న ఖైదీలు. ఆ మంటల్లో వెయ్యిమందికి పైగా పనిచేశారు.

కాలిఫోర్నియాలో ఖైదీల చేత రోడ్డు పనులు చేయించే క్యాంపులు 1915 నాటికే ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి మగవాళ్లంతా సైన్యంలోకి పోయేసరికి అడవుల్లో మంటలార్పే మనుషులు కరువయ్యారు. ఆ ఖాళీని జైళ్ల నుంచి నింపారు. 1946లో శాన్ డియేగో కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) రెయిన్‌బో అనే పేరుతో మొదటి శాశ్వత ఫైర్ క్యాంపు పెట్టారు. 1983 నుంచి మహిళా ఖైదీలను కూడా తీసుకుంటున్నారు. ఇప్పుడు మొత్తం 35 క్యాంపులున్నాయి. జైళ్ల శాఖ వీటిని రాష్ట్ర అగ్నిమాపక శాఖ కాల్‌ఫైర్‌తో, లాస్ ఏంజెలెస్ కౌంటీ అగ్నిమాపక శాఖతో కలిసి నడుపుతుంది.

అక్కడ వాళ్లు చేసే పని ఏమిటి? పైపులు పట్టుకుని నీళ్లు కొడతారా?

ఎక్కువగా నీళ్ల పని కాదు, మట్టి పని. వేసవికి ముందు నల్లమలలో అటవీ శాఖవాళ్లు ఫైర్ లైన్లు వేయించడం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఎండుటాకులు, గడ్డి, పొదలు అన్నీ తీసేసి ఒక బాటలాగా నేలను ఖాళీ చేస్తారు. కాలడానికి ఏమీ లేకపోతే మంట అక్కడ ఆగుతుంది. కాలిఫోర్నియాలో ఈ పనినే, మంట ఎదురుగా వస్తుండగా, నిటారు కొండవాలు మీద చేస్తారు. 12 నుంచి 17 మంది ఒక జట్టు. దాన్ని హ్యాండ్ క్రూ అంటారు. ముందు చైన్‌సా పట్టుకున్నవాళ్లు చెట్లూ పొదలూ కోసుకుంటూ పోతారు. వెనక ఉన్నవాళ్లు వాటిని లాగి పక్కన పారేస్తారు. ఆ వెనకవాళ్ల చేతుల్లో ఒకవైపు గొడ్డలి, ఇంకోవైపు బాడిశ ఉండే పులాస్కీ, ఒకవైపు దంతె పళ్లు, ఇంకోవైపు పార అంచు ఉండే మెక్లౌడ్ ఉంటాయి. కింద పచ్చి మట్టి కనిపించేదాకా గీకుతారు. వీపు మీద ఇరవై కిలోలకు దగ్గరగా బరువు ఉంటుంది. పెద్ద మంటలప్పుడు 24 గంటలు పని, 24 గంటలు విశ్రాంతి.

విమానాలూ హెలికాప్టర్లూ వీడియోల్లో బాగా కనిపిస్తాయి. కానీ అవి మంట వేగాన్ని తగ్గిస్తాయంతే. దాన్ని ఒక గీత దగ్గర ఆపేది ఈ గీకుడు పనే. మంటలు లేని రోజుల్లో పొదలు నరకడం, వరదలొస్తే ఇసుక బస్తాలు వేయడం లాంటి పనులు చేస్తారు.

ఎవరిని పడితే వాళ్లను పంపుతారా?

అందరినీ పంపరు. కనిష్ఠ భద్రతా స్థాయిలో ఉన్న ఖైదీ అయి ఉండాలి, ఇంకా ఎనిమిదేళ్లు లేదా అంతకన్నా తక్కువ శిక్ష మిగిలి ఉండాలి, ఆరోగ్యం బాగుండాలి, తనంతట తాను దరఖాస్తు చేసుకోవాలి. లైంగిక నేరాలు చేసినవాళ్లను, జైలు నుంచి పారిపోయిన చరిత్ర ఉన్నవాళ్లను తీసుకోరు. ఇళ్లకో అడవికో నిప్పు పెట్టి శిక్షపడినవాళ్లనూ తీసుకోరు, అది ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

ఎంపికైనవాళ్లకు నాలుగు రోజులు తరగతి గదిలో, నాలుగు రోజులు మైదానంలో శిక్షణ. కాల్‌ఫైర్ తన సీజనల్ ఫైర్‌ఫైటర్లకు మొదట్లో ఇచ్చేదీ ఇదే స్థాయి శిక్షణ. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

బలవంతంగా చేయిస్తారా?

కాగితం మీద పూర్తిగా స్వచ్ఛందం. చాలామంది ఖైదీలు కావాలనే వెళ్తారు కూడా. క్యాంపులో ఎత్తైన జైలు గోడలుండవు, బయటి గాలి ఉంటుంది, చేసే పనికి ఒక అర్థం ఉంటుంది. పైగా శిక్ష తగ్గుతుంది. మంటల జట్టులో ఒక రోజు పనిచేస్తే ఇంకో రెండు రోజులు శిక్షాకాలం నుంచి కొట్టేస్తారు. వంట, సహాయక పనుల్లో ఉన్నవాళ్లకు రోజుకు ఒక రోజు చొప్పున తగ్గుతుంది. మన జైళ్లలో రెమిషన్ అంటామే, అలాంటిదే. ఇది కాస్త ఎక్కువ ఉదారంగా ఉంటుంది.

అయితే నాలుగు గోడల మధ్య ఉన్న మనిషి ముందు ‘ఇంటికి ముందే వెళ్లాలంటే నిప్పులోకి వెళ్తావా’ అని పెడితే, దాన్ని మనం మామూలుగా చెప్పుకునే ఇష్టం అనొచ్చా? నా మటుకు నాకు ఆ మాట నోటికి అంత సులభంగా రాదు. అమెరికా రాజ్యాంగం 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేస్తూనే, నేరానికి శిక్షగా చేయించే పనిని మాత్రం మినహాయించింది. కాలిఫోర్నియా రాజ్యాంగంలోనూ అలాంటి మినహాయింపు ఉంది. దాన్ని తీసేద్దామని 2024 నవంబరులో ప్రతిపాదన 6 పేరుతో ఓటింగ్ పెడితే జనం ఓడించారు.

జీతం ఎంత?

2025 మొదట్లో లాస్ ఏంజెలెస్ మంటలప్పుడు నైపుణ్యాన్ని బట్టి రోజుకు 5.80 నుంచి 10.24 డాలర్ల వరకు ఇచ్చేవారు. మంట దగ్గర ఉన్నప్పుడు గంటకు ఇంకో డాలర్ అదనం. అంటే 24 గంటలు నిప్పు ముందు నిలబడితే అడుగు స్థాయి మనిషికి ముప్పై డాలర్లకు కాస్త తక్కువ. అప్పటికి ఆ రాష్ట్రంలో కనీస వేతనం గంటకు 16.50 డాలర్లు. రెండు గంటలు బర్గర్ల షాపులో పనిచేసినా అంతకన్నా ఎక్కువే వస్తుంది.

ఆ మంటల తర్వాత ఈ లెక్క మీద పెద్ద చర్చ జరిగింది. శాసనసభ్యుడు ఐజక్ బ్రయాన్ తెచ్చిన బిల్లు మీద 2025 అక్టోబరులో గవర్నర్ గావిన్ న్యూసమ్ సంతకం చేశారు. దాని ప్రకారం మంట దగ్గర పనిచేసే సమయానికి గంటకు 7.25 డాలర్లు. అది అమెరికా కేంద్ర ప్రభుత్వ కనీస వేతనం, ఆ రాష్ట్ర కనీస వేతనంలో సగం కూడా కాదు. అయినా పాత డాలర్‌తో పోలిస్తే పెద్ద గెంతే.

ప్రమాదం ఎంత?

ప్రాణాలు పోయాయి. 2016 ఫిబ్రవరిలో మాలిబు కొండల్లో పైనుంచి దొర్లిన బండరాయి తగిలి 22 ఏళ్ల మహిళా ఖైదీ చనిపోయింది. 2017లో ఇద్దరు పురుషులు చనిపోయారు. ఒకరి మీద చెట్టు పడింది, ఇంకొకరికి చైన్‌సా కోసుకుంది. 2018లో ఒక అమెరికన్ పత్రిక రికార్డులు తెప్పించి లెక్క తీసింది. అదే మంటల దగ్గర పనిచేసే వృత్తి ఫైర్‌ఫైటర్లతో పోలిస్తే ఖైదీలకు కోతలు, ఎముకలు విరగడం లాంటి గాయాలు నాలుగు రెట్లకు పైగా, పొగ పీల్చడం వల్ల వచ్చే ఇబ్బందులు ఎనిమిది రెట్లకు పైగా ఎక్కువని తేలింది.

విడుదలయ్యాక ఆ అనుభవంతో ఫైర్‌ఫైటర్ ఉద్యోగం రావాలి కదా? సమస్య ఎక్కడ?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. జవాబు కొంచెం పెద్దది.

నగరాల అగ్నిమాపక శాఖలకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం మంటలవి కావు. గుండెనొప్పి, యాక్సిడెంట్, స్పృహ తప్పడం, ఇలాంటివే. అందుకే దాదాపు ప్రతి నగరం, కౌంటీ శాఖ ఉద్యోగానికి ఈఎంటీ సర్టిఫికెట్ ఉండాలంటుంది. మన 108 అంబులెన్సులో డ్రైవర్‌తో పాటు వచ్చే ఈఎంటీ గుర్తున్నారా, ఆ అర్హతే. కాలిఫోర్నియా నిబంధనల ప్రకారం పెద్ద నేరం ఒకటి ఉంటే జైలు నుంచి విడుదలైన పదేళ్ల దాకా ఈఎంటీ సర్టిఫికెట్ ఇవ్వరు. రెండు ఉంటే జీవితాంతం లేదు. ఆ నేరం ఏ వయసులో చేశాడు, తర్వాత ఎలా బతికాడు అన్నది చూడరు. క్యాంపులో పనిచేసిన ఒకాయన ఈ నిబంధన మీద కేంద్ర కోర్టుకు వెళ్తే 2021లో కోర్టు కేసు కొట్టేసింది. ఇలాంటి నిబంధన పెట్టుకునే హక్కు రాష్ట్రానికి ఉందన్నది తీర్పు సారాంశం.

అంటే సంగతి ఇలా ఉంది. ఖైదీగా ఉన్నప్పుడు అతని చేతికి చైన్‌సా ఇచ్చి, బూడిద ఇంకా చల్లారని కొండ మీదికి ప్రభుత్వమే పంపింది. జనాల ఇళ్ల పెరట్లలో నిలబడి పొదలు నరికించింది. ఆ ఇళ్లలో ఏదీ దొంగిలించడన్న నమ్మకం అప్పుడు ఉంది. శిక్ష పూర్తిచేసి బయటికొచ్చి ‘అదే పని చేస్తాను’ అంటే మాత్రం, ‘నువ్వు నమ్మదగిన మనిషివి కావు’ అంది. చదువులోనో శిక్షణలోనో వెనకబడి ఆగిపోవడం వేరు, ఒక దరఖాస్తు ఫారంలో ఒక గడి దగ్గర ఆగిపోవడం వేరు.

ఇక్కడ ఒక సవరణ చెప్పాలి, ఎందుకంటే సోషల్ మీడియాలో దీన్ని తప్పుగా రాస్తున్నారు. ‘ఖైదీలకు ఫైర్‌ఫైటర్ ఉద్యోగాలే రావు’ అన్నది నిజం కాదు. కాల్‌ఫైర్‌లో సీజనల్ ఉద్యోగానికి, అమెరికా అటవీ సర్వీసు జట్లలో చేరడానికి ఈఎంటీ తప్పనిసరి కాదు. చాలామంది అటు వెళ్లారు కూడా. మూసుకుపోయిన తలుపు నగరాలది, కౌంటీలది. ఏడాది పొడవునా పని, స్థిరమైన జీతం, పెన్షన్ ఉండేది ఎక్కువగా అక్కడే.

2020లో వచ్చిన చట్టం ఈ తలుపు తీసిందా?

సందు తీసింది. శాసనసభ్యురాలు ఎలోయిస్ గోమెజ్ రేయెస్ తెచ్చిన ఏబీ 2147 అనే బిల్లు మీద 2020 సెప్టెంబరు 11న గవర్నర్ న్యూసమ్, నార్త్ కాంప్లెక్స్ మంటలు కాల్చేసిన ఓరోవిల్ ప్రాంతంలో నిలబడి సంతకం చేశారు. 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

చట్టం చెప్పేది ఇది. ఫైర్ క్యాంపులో గానీ కౌంటీ హ్యాండ్ క్రూలో గానీ సక్రమంగా పనిచేసి విడుదలైనవాళ్లు, తమకు శిక్ష వేసిన కౌంటీ కోర్టులో అర్జీ పెట్టుకోవచ్చు. జైళ్ల శాఖ ఆ మనిషి సేవను ధ్రువీకరించాలి. జడ్జి ఒప్పుకుంటే నేరాంగీకారాన్ని వెనక్కి తీసుకోనిచ్చి కేసును కొట్టేస్తారు. పెరోల్ లేదా ప్రొబేషన్ (జైలుకు బదులు కోర్టు పెట్టే నిఘా కాలం) ఇంకా నడుస్తుంటే దాన్ని ముందుగానే ముగించవచ్చు. ఆ తర్వాత ఈఎంటీ లాంటి లైసెన్సులకు దరఖాస్తు చేసేటప్పుడు పాత నేరాన్ని చెప్పనక్కర్లేదు. టీచర్, పోలీసు ఉద్యోగాలకు, ప్రభుత్వ పదవులకు మాత్రం చెప్పాల్సిందే.

(పెరోల్ అనగానే మనకు పెళ్లికో చావుకో జైలు నుంచి నాలుగు రోజులు ఇచ్చే సెలవు గుర్తొస్తుంది. అమెరికాలో పెరోల్ అంటే విడుదలయ్యాక అధికారి నిఘాలో గడపాల్సిన కాలం. ఊరు దాటాలన్నా అనుమతి కావాలి. అడవి మంటల ఉద్యోగం అంటేనే రాత్రికి రాత్రి ఇంకో కౌంటీకి పరుగు. కాబట్టి పెరోల్ ముందే ముగియడం చిన్న విషయం కాదు.)

అంటే రికార్డు పూర్తిగా చెరిగిపోతుందా?

చెరిగిపోదు. పలక మీద రాసింది తుడిచినట్టు కాదు, కొట్టేసి పక్కన ‘రద్దు’ అని రాసినట్టు. పోలీసులకు, కోర్టులకు కనిపిస్తూనే ఉంటుంది. మళ్లీ నేరం చేస్తే పాతది లెక్కలోకి వస్తుంది. తుపాకీ పెట్టుకోకూడదన్న నిషేధం అలాగే ఉంటుంది.

అర్జీ పెట్టిన అందరికీ ఇస్తారా?

ఇవ్వరు. హత్య, కిడ్నాప్, అత్యాచారం, చిన్నపిల్లల మీద లైంగిక నేరాలు, మరణశిక్ష లేదా యావజ్జీవం పడదగ్గ నేరాలు, నిప్పు పెట్టడం, ఇవి ఉన్నవాళ్లకు ఈ దారి లేదు. మిగిలినవాళ్ల విషయంలోనూ నిర్ణయం జడ్జి విచక్షణ. ప్రాసిక్యూటర్‌కు నోటీసు వెళ్తుంది, ఆయన అభ్యంతరం చెప్పవచ్చు.

నా ఫిర్యాదు ఇక్కడే. పదేళ్ల నిషేధం ఎవరూ అడగకుండా తనంతట తాను పడుతుంది. దాన్ని తీయించుకోవాలంటే మాత్రం మనిషి లాయర్‌ను వెతుక్కోవాలి, కాగితాలు తెచ్చుకోవాలి, జడ్జి ముందు నిలబడాలి. అంతా అయ్యాక కూడా ‘కాదు’ అనవచ్చు. జైలు నుంచి అప్పుడే వచ్చి, అద్దె ఇల్లు దొరక్క చుట్టాల ఇంట్లో సోఫా మీద పడుకునే మనిషికి ఇదంతా ఎంత టెన్షనో చట్టం రాసినవాళ్లు ఊహించారో లేదో. మంటల దగ్గర చేసిన సేవను జైళ్ల శాఖ ఎలాగూ రికార్డు చేస్తుంది. విడుదల రోజునే అర్జీ కూడా ఆ శాఖే వేస్తే సరిపోయేది.

కోర్టు కాకుండా వేరే దారులు ఉన్నాయా?

రెండు చెప్పుకోదగ్గవి. మొదటిది కామరిల్లోలో 2018 అక్టోబరులో మొదలైన వెంచురా శిక్షణ కేంద్రం. పెరోల్ మీద ఉన్న మాజీ క్యాంపు సభ్యులను 18 నెలలు అక్కడే ఉంచి, వృత్తి ఫైర్‌ఫైటర్‌కు కావలసిన శిక్షణ, సర్టిఫికెట్లు ఇస్తారు. కాల్‌ఫైర్, జైళ్ల శాఖ, కాలిఫోర్నియా కన్సర్వేషన్ కోర్, యాంటీ రెసిడివిజం కొయలిషన్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి నడుపుతాయి. మంచి కార్యక్రమం. కానీ మొదట పెట్టినప్పుడు అందులో చోటు 80 మందికే.

రెండోది నాకు ఎక్కువ ఇష్టమైనది, ఎందుకంటే అది కింది నుంచి పుట్టింది. బ్రాండన్ స్మిత్, రాయల్ రామీ ఇద్దరూ ఖైదీలుగా క్యాంపులో పనిచేసినవాళ్లు. బయటికొచ్చి, ఎన్నో దరఖాస్తులు పెట్టి, ఎక్కడ ఏ కాగితం కావాలో తామే కష్టపడి నేర్చుకుని ఫైర్‌ఫైటర్లయ్యారు. తర్వాత ఫారెస్ట్రీ అండ్ ఫైర్ రిక్రూట్‌మెంట్ ప్రోగ్రామ్ అనే సంస్థ పెట్టి, తమలాంటివాళ్లకు శిక్షణ, దరఖాస్తు సాయం, ఉద్యోగ పరిచయాలు చేస్తున్నారు. ప్రభుత్వం చేయాల్సిన పనిని వీళ్లు చేస్తున్నారనుకున్నా తప్పులేదు.

రాష్ట్రానికి దీనివల్ల లాభమా, నష్టమా?

డబ్బు లెక్కలో లాభం. ఈ క్యాంపుల వల్ల ఏటా సుమారు 10 కోట్ల డాలర్లు ఆదా అవుతున్నాయని అధికారులు చెబుతూ వచ్చారు. ఆ లాభమే ఒక్కోసారి అసలు రంగు బయటపెడుతుంది. 2014లో జైళ్ల రద్దీ కేసులో, రోజుకు రెండు రోజులు తగ్గించే వెసులుబాటును మిగతా కనిష్ఠ భద్రతా ఖైదీలకూ ఇవ్వమంటే, రాష్ట్రం తరఫు లాయర్లు ‘అలా చేస్తే ఫైర్ క్యాంపులకు మనుషులు దొరకరు’ అని కోర్టులో వాదించారు. అప్పుడు అటార్నీ జనరల్ కమలా హారిస్. ఆ వాదన తనకు ముందుగా తెలియదని, వినగానే నివ్వెరపోయానని ఆమె తర్వాత అన్నారు.

ఆ భయం వేరే దారిలో నిజమైంది కూడా. శిక్షల సంస్కరణలతో చిన్న నేరాలవాళ్లు రాష్ట్ర జైళ్లకు రావడం తగ్గింది. ఒకప్పుడు నాలుగు వేలకు పైగా ఉన్న క్యాంపు ఖైదీలు 2025 నాటికి సుమారు 1,800కి పడిపోయారు. 2020 వేసవిలో కోవిడ్ వల్ల 43 క్యాంపుల్లో 12ను క్వారంటైన్‌లో పెట్టాల్సి వచ్చింది. ఆ ఏడాదే రాష్ట్ర చరిత్రలో అతిపెద్ద మంటలు. సెప్టెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో ఉదయం పది దాటినా లైట్లు వేసుకుని, కిటికీలోంచి నారింజ రంగు ఆకాశాన్ని ఫోటో తీసి ఇండియాలో అమ్మానాన్నలకు వాట్సాప్ చేసిన తెలుగువాళ్లకు ఆ రోజు బాగా గుర్తుంటుంది. ఆ పొగ కింద తగినన్ని జట్లు లేవన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

అమెరికా పౌరసత్వం లేని ఖైదీ సంగతేమిటి?

చాలా కష్టం. 2020లో మంటల జట్లలో పనిచేసి శిక్ష ముగించుకున్నవాళ్లను జైలు గేటు దగ్గరే ఇమిగ్రేషన్ అధికారులకు అప్పగించిన సంఘటనలు జరిగాయి. వాళ్లలో చిన్నపిల్లలుగా లావోస్ నుంచి శరణార్థి కుటుంబాలతో వచ్చినవాళ్లున్నారు. ఒకతనికి విడుదలకు కొద్ది రోజుల ముందే ఒంటి మీద చెట్టు పడి దెబ్బ తగిలింది. పైగా రాష్ట్ర కోర్టు పునరావాసం పేరుతో కేసు కొట్టేసినా కేంద్ర ఇమిగ్రేషన్ చట్టం సాధారణంగా దాన్ని లెక్కలోకి తీసుకోదు. గ్రీన్‌కార్డు మీద ఉన్న మనవాళ్లెవరైనా, ఏ చిన్న కేసులోనైనా సరే, ‘తర్వాత కొట్టేయించుకోవచ్చులే’ అని నేరం ఒప్పుకునే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగాలి.

మన దగ్గర ఇలాంటిది ఉందా?

మంటలార్పే ఖైదీల జట్లు లేవు. ఆరుబయట పనిచేయించే పద్ధతి మాత్రం పాతదే. అనంతపురం, చర్లపల్లి ఓపెన్ జైళ్లలో ఖైదీలు వ్యవసాయం చేస్తారు. తెలంగాణ జైళ్ల శాఖ నడిపే పెట్రోల్ బంకుల్లో ఖైదీలు, విడుదలైనవాళ్లు పనిచేస్తున్నారు. చంచల్‌గూడ దగ్గర మీ బండికి పెట్రోల్ కొట్టినది వాళ్లే అయి ఉండొచ్చు.

రికార్డు విషయంలో మనకు ఏబీ 2147 లాంటిది లేదు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద జైలుకు పంపకుండా వదిలినవాళ్లకు 12వ సెక్షన్ ప్రకారం శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదు. 2015 బాలల న్యాయ చట్టం పిల్లలకు అలాంటి రక్షణే ఇస్తుంది. జైలుకు వెళ్లొచ్చిన పెద్దవాళ్లు, లోపల ఎంత బాగా పనిచేసినా, పోలీసు వెరిఫికేషన్ దగ్గర మళ్లీ ఆ పాత కేసు నంబరే చెప్పుకోవాలి.